మెదడు కొమ్మకు ముళ్లు

మా పిన్ని పదకొండో రోజున మాత్రలు ఆపేసింది. బాబాయి పోయిన ఏడాదిలో ఆవిడకు ముందు నిద్ర పోయింది, తర్వాత ఆకలి పోయింది. ఏం తిన్నా గడ్డి నమిలినట్టుందనేది. చివరికి మనవరాలు వచ్చి ఒళ్లో కూర్చుంటే ఆ పిల్ల తల నిమరడానికి చెయ్యెత్తడం కూడా బరువైపోయింది. వచ్చిన చుట్టాలందరూ "మనసు గట్టి చేసుకో వదినా" అని చెప్పి వెళ్లారు. బతిమాలి మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్తే ఆయన మాత్రలు రాశారు. పది రోజులు వేసుకుంది. నోరెండిపోయింది, కడుపులో తిప్పింది, దిగులు మాత్రం రవ్వంత కూడా కదల్లేదు. "ఇవి నాకు పనిచేసేవి కావురా" అని షీటులో మిగిలిన మాత్రల్ని బీరువాలో పెట్టేసింది.

ఆవిడను తప్పుపట్టలేం. జ్వరం మాత్ర గంటలో పనిచేస్తుంది, తలనొప్పి మాత్ర అరగంటలో పనిచేస్తుంది. పది రోజులైనా పనిచేయని మాత్రను ఎవరు నమ్ముతారు? కానీ విచిత్రం ఏమిటంటే ఆ మాత్ర మొదటి రోజే పని మొదలుపెట్టింది. డిప్రెషన్‌కు ఎక్కువగా ఇచ్చే మందులు వేసుకున్న కొద్ది గంటల్లోనే మెదడు కణాల నడుమ సెరోటోనిన్ అనే రసాయనం పెరుగుతుంది. గంటల్లో పెరిగే రసాయనమే దిగులుకు మందైతే, దిగులు కూడా గంటల్లోనే తగ్గాలి కదా! అలా తగ్గదు. నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. 1950లలో స్విట్జర్లాండ్ వైద్యుడు రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ అనే మొదటి తరం మందును రోగులకు ఇచ్చి చూసిన రోజుల నుంచీ వైద్యులకు ఈ ఆలస్యం తెలుసు. అది ఎందుకో మాత్రం చాలాకాలం తెలియలేదు. ఆ వారాల్లో మెదడు ఏం చేస్తోంది?

జవాబు కోసం మిల్లీమీటరులో వెయ్యోవంతు ఉండే ఒక ముల్లు దగ్గరకు వెళ్లాలి. దాన్ని మొదట చూసినవాడు స్పెయిన్ దేశస్థుడు, శాంటియాగో రామోన్ ఇ కహాల్.

మెదడు ముక్కను పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఏమీ తేలదు. కణాలన్నీ ఒకదానిలో ఒకటి పెనవేసుకుని, రంగు వేస్తే అంతా ఒకే ముద్దగా కనిపిస్తుంది. 1873లో ఇటలీలో కమిల్లో గోల్గి అనే వైద్యుడు, ఆసుపత్రి వంటగదిలో ఏర్పాటు చేసుకున్న చిన్న ప్రయోగశాలలో, ఒక రంగు పద్ధతి కనిపెట్టాడు. మెదడు ముక్కను ముందు పొటాషియం డైక్రోమేట్‌లో, తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో నానబెడితే, నూటికి ఏవో కొన్ని కణాలు మాత్రమే నల్లబడతాయి. నల్లబడిన కణం మాత్రం కొన నుంచి కొనదాకా, ప్రతి రెమ్మతో సహా, పసుపుపచ్చ నేపథ్యం మీద సిరాతో గీసినట్టు నిలబడుతుంది. మిగతావి ఎందుకు నల్లబడవో ఈనాటికీ సరిగ్గా తేలలేదు. కానీ ఆ పద్ధతి విలువంతా అక్కడే ఉంది. అడవిలో అన్ని చెట్లూ ఒకేసారి కనిపిస్తే ఏ చెట్టూ కనిపించదు.

కహాల్ చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకున్నాడు. వైద్యుడైన తండ్రి ఒప్పుకోలేదు. శరీర నిర్మాణం నేర్పించడానికి కొడుకును శ్మశానానికి తీసుకెళ్లి, అక్కడ దొరికిన ఎముకల్ని చూపించి బొమ్మలు వేయించాడట. ఆ చెయ్యి వృథా కాలేదు. 1888లో బార్సిలోనాలో కోడి చిన్నమెదడు ముక్కల్ని గోల్గి పద్ధతిలో నానబెట్టి చూస్తూ, పుర్కింజే కణం అనే ఒక రకం నాడీకణం కొమ్మల మీద ఒక సంగతి గమనించాడు. కొమ్మ నున్నగా లేదు. రేగు కంపలా పొడవునా చిన్న చిన్న ముళ్లున్నాయి. స్పానిష్‌లో ముళ్లు అనే మాటతోనే వాటికి పేరు పెట్టాడు. తన పరిశోధనలు అచ్చువేయడానికి సొంత ఖర్చుతో పెట్టుకున్న పత్రికలో ఆ సంగతి రాశాడు.

ఎవరూ ఒప్పుకోలేదు. వెండి రసాయనం సరిగా కరగక కొమ్మల మీద పేరుకున్న మడ్డి అది, అన్నారు. గోల్గి తన బొమ్మల్లో కొమ్మల్ని నున్నగానే గీశాడు. కహాల్ వాదన చిన్నది, పదునైనది: మడ్డి అయితే అన్నిచోట్లా పడాలి. ఈ ముళ్లు కొమ్మల మీదే ఉన్నాయి, కణం నుంచి బయటికి పోయే పొడుగాటి తంతువు మీద లేవు. ఏ ముక్క తీసినా అంతే. ఎనిమిదేళ్ల తర్వాత, వెండితో సంబంధం లేని మిథిలీన్ బ్లూ రంగుతో అవే ముళ్లను మళ్లీ చూపించాడు. 1906లో గోల్గికీ కహాల్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. ఒకే వేదిక మీద నిలబడి కూడా గోల్గి తన ఉపన్యాసంలో, నాడీకణాలు దేనికది విడిగా ఉంటాయన్న కహాల్ సిద్ధాంతాన్ని కాదన్నాడు. ఆ ముళ్లు దేనికో తేలడానికి ఇంకో అర్ధ శతాబ్దం పట్టింది. 1959లో లండన్‌లో ఎడ్వర్డ్ గ్రే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే, ఒక కణం తంతువు కొస వచ్చి మరో కణం ముల్లు తలను తాకుతోంది. సందేశం అక్కడ దిగుతోంది.

మన వాడుకలో ముల్లంటే దూరంగా ఉంచేది. మెదడులో ముల్లు అందుకునేది.

మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక్కో కణాన్ని చెట్టనుకుంటే, విస్తరించిన కొమ్మలు వినేవి, పొడుగాటి తంతువు చెప్పేది. మెదడు పైపొరలోని ఒక మామూలు కణం కొమ్మల మీద వేలాది ముళ్లుంటాయి. పుర్కింజే కణానికైతే లక్ష దాటుతాయి. ముల్లు అన్నా ఆకారం పుట్టగొడుగుకు దగ్గర: సన్నని మెడ, దాని మీద గుండ్రని తల. తల వెడల్పు ఒక మైక్రాన్ లోపే. వెంట్రుక మందంలో అలాంటివి డెబ్బై ఎనభై వరుసగా పేర్చొచ్చు. అవతలి కణం గ్లూటమేట్ అనే రసాయనాన్ని చిమ్మితే, ముల్లు తల మీదున్న గ్రాహకాలు పట్టుకుంటాయి. సన్నని మెడ వల్ల ఒక ముల్లులో జరిగే రసాయన చర్య పక్క ముల్లులోకి పొర్లదు. అందుకే ఒక్కో ముల్లు ఒక్కో పరిచయాన్ని విడిగా గుర్తుపెట్టుకోగలదు.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది, ఈ ముళ్లు నిలకడగా ఉండకపోవడం. ముల్లు లోపల ఉండే అస్థిపంజరం ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులతో కట్టిన పందిరి. మన కండరాలు ముడుచుకోవడానికి కావలసిన ప్రొటీన్ కూడా అదే. ఆ పోగులు నిరంతరం అల్లుకుంటూ, విడిపోతూ ఉంటాయి. బతికున్న కణాన్ని గమనిస్తే ముల్లు క్షణాల్లో ఆకారం మార్చుకుంటుంది. బాగా వాడిన ముల్లు తల లావెక్కుతుంది, వాడనిది సన్నబడి కొమ్మలోకి కుంగిపోతుంది. కొత్త ముల్లు కొన్ని గంటల్లో మొలవగలదు. ఆడ ఎలుకల్లో నాలుగైదు రోజులకోసారి తిరిగే హార్మోన్ల చక్రంతో పాటు హిప్పోక్యాంపస్ అనే భాగంలో ముళ్ల సంఖ్య పెరిగి తగ్గుతుందని 1990లో కేథరిన్ వూలీ, ఎలిజబెత్ గౌల్డ్, బ్రూస్ మెక్‌ఈవెన్ చూపించారు. ఎదిగిన మెదడు ఇక మారదని నమ్మే కాలంలో వచ్చిన ఫలితమది.

ఆ మెక్‌ఈవెన్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఒత్తిడి ఈ ముళ్లను ఏం చేస్తుందో తేల్చడం చాలావరకు ఆయన జీవితకాలపు పని. కష్టమొస్తే మెదడు అడుగు భాగం నుంచి ఒక కబురు పీయూష గ్రంథికి, అక్కడి నుంచి మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు వెళ్తుంది. అవి కార్టిసాల్ విడుదల చేస్తాయి. ఎలుకల్లో దీని జోడు కార్టికోస్టెరోన్. కుక్క వెంటపడినప్పుడు పరుగెత్తడానికి కావలసిన చక్కెరను రక్తంలోకి తెచ్చేది ఇదే. ఇది కండరాలకు, కాలేయానికి సంబంధించిన హార్మోన్ అనుకుంటున్న రోజుల్లో, 1968లో, న్యూయార్క్‌లోని రాకఫెల్లర్ విశ్వవిద్యాలయంలో యువకుడైన మెక్‌ఈవెన్ రేడియోధార్మిక కార్టికోస్టెరోన్‌ను ఎలుకలకు ఎక్కించి అది ఎక్కడ చేరుతుందో చూశాడు. మెదడులో, ముఖ్యంగా హిప్పోక్యాంపస్‌లో, చేరింది. అది జ్ఞాపకాలకు ఆయువుపట్టు, చుట్టూ ఏ స్థలం ఎక్కడుందో గుర్తుంచుకునే చోటు. పైగా కార్టిసాల్ ఎక్కువైతే "చాలు, ఇక ఆపండి" అని కబురు పంపే పని కూడా కొంత దానిదే. అంటే వరదను ఆపాల్సిన గేటు వరద నీళ్లలోనే నిలబడి ఉంది.

1990లో అదే బృందం ఎలుకలకు 21 రోజులు కార్టికోస్టెరోన్ ఇచ్చి, హిప్పోక్యాంపస్ కణాలకు రంగు వేసి చూసింది. వాడింది 1873 నాటి గోల్గి రంగే. కొమ్మలు పొట్టివయ్యాయి, రెమ్మలు తగ్గాయి. రెండేళ్ల తర్వాత హార్మోన్ ఇవ్వకుండా, రోజూ ఆరు గంటలు కదలకుండా బంధించి ఉంచినా, 21 రోజులకు అదే జరిగిందని తేలింది. కణం చావలేదు. ముడుచుకుంది. ఈ తేడా చిన్నది కాదు. చచ్చిన చెట్టు వేరు, ఎండలకు ఆకు రాల్చిన చెట్టు వేరు. ముడుచుకోవడం కణం తనను తాను కాపాడుకునే ఉపాయం కావచ్చని మెక్‌ఈవెన్ చివరిదాకా అనేవారు.

ఇక్కడిదాకా వింటే ఒత్తిడి అంటే మెదడును ఎండబెట్టే వేడిగాలి అనిపిస్తుంది. ఆ బొమ్మ తప్పని చూపించింది మన పక్కనున్న బెంగళూరు. అక్కడి జాతీయ జీవశాస్త్రాల కేంద్రంలో సుమంత్ర చట్టర్జీ బృందం 2002లో ఎలుకల్ని రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలనివ్వకుండా ఉంచి, హిప్పోక్యాంపస్‌తో పాటు అమిగ్డాలాను కూడా చూసింది. బాదంగింజంత ఉండే అమిగ్డాలా భయానికి కేంద్రం. హిప్పోక్యాంపస్ కొమ్మలు అనుకున్నట్టే ముడుచుకున్నాయి. అమిగ్డాలా కొమ్మలు పెరిగాయి! ఒకే ఎలుక, ఒకే ఒత్తిడి, ఒకచోట కరువు, ఒకచోట ఏపుగా పంట.

అక్కడితో ఆగలేదు. 21 రోజులు ఎలుకల్ని ఏ ఒత్తిడీ లేకుండా వదిలేశారు. హిప్పోక్యాంపస్ కొమ్మలు కోలుకున్నాయి. అమిగ్డాలాలో పెరిగినవి మాత్రం తగ్గలేదు, ఎలుకల బెదురూ తగ్గలేదు. 2005లో ఇంకో ఫలితం. ఒక్కసారి, రెండే గంటలు బంధించి వదిలిన ఎలుకల్లో మర్నాడు ఏ మార్పూ లేదు. పదో రోజున చూస్తే అమిగ్డాలా కొమ్మల మీద కొత్త ముళ్లు మొలిచాయి, ఎలుకలు బెదురుగా తయారయ్యాయి. ప్రమాదం నుంచి బయటపడ్డ మనిషి మొదటి వారం బాగానే ఉండి, రెండో వారం నుంచి లారీ హారన్ వినబడితే చెమటలు కక్కడం మనం చూస్తుంటాం. "అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు?" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. ఎలుకకూ మనిషికీ మధ్య చాలా దూరం ఉంది, ఒప్పుకుంటాను. అయినా ఆ పది రోజుల సంగతి చదివిన తర్వాత అలాంటి ప్రశ్న ఎవరినీ అడగలేకపోయాను.

మనుషుల మెదడు కొమ్మల్ని బతికుండగా లెక్కపెట్టలేం. కానీ దరిదాపుల్లోకి వెళ్లిన ఒక పరిశోధన ఉంది, దాన్ని మన ఇళ్లలో తప్పక చెప్పుకోవాలి. 2009లో న్యూయార్క్‌లో కోనర్ లిస్టన్, మెక్‌ఈవెన్, బి.జె. కేసీ కలిసి, పెద్ద పరీక్షకు వారాల తరబడి చదువుతున్న 20 మంది వైద్య విద్యార్థుల మెదళ్లను ఎంఆర్ఐలో పరిశీలించారు. ఒక విషయం నుంచి ఇంకో విషయానికి దృష్టి మళ్లించే పనిలో వాళ్లు తడబడ్డారు. నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ భాగానికి మిగతా భాగాలతో ఉండాల్సిన పొత్తు సడలింది. ఎలుకల్లో ఒత్తిడికి కొమ్మలు, ముళ్లు తగ్గిపోయే చోట్లలో అదొకటి. పరీక్ష అయ్యాక నెల రోజులకు మళ్లీ చూస్తే అంతా సర్దుకుంది. ఉదయం ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్లు నడిపే హాస్టళ్లలో పిల్లల్ని చేర్చిన మనం ఈ ఫలితంలో రెండు మాటలూ వినాలి. ఎడతెగని ఒత్తిడిలో చదివే మెదడుకు ఎంత చదివినా ఆలోచన మళ్లించుకునే శక్తి తగ్గుతుంది. విశ్రాంతి దొరికితే అది తిరిగొస్తుంది. ఆ నెల రోజుల ఖాళీ ఇవ్వకుండా ఒక పరీక్ష తోక మీద ఇంకో పరీక్ష పెట్టడం నాకు క్రూరంగా తోస్తుంది. తిరిగి రావడానికి వయసు కూడా కలిసిరావాలి మరి. ఒత్తిడి ఆగాక కుర్ర ఎలుకల ప్రీఫ్రంటల్ కొమ్మలు కోలుకున్నాయి, నడివయసు ఎలుకలవి, ముసలి ఎలుకలవి కోలుకోలేదు.

అలాగని డిప్రెషన్ అంటే ముళ్లు రాలిపోవడమే అని తేల్చేయడం తొందరపాటు. ఎలుకకు డిప్రెషన్ ఉందని మనకెలా తెలుస్తుంది? తోక పట్టుకుని వేలాడదీస్తే ఎంతసేపు గింజుకుంటుందో, తియ్యటి నీళ్లూ మామూలు నీళ్లూ పెడితే ఏవి తాగుతుందో చూస్తారు. అంతే. కొడుకు ఫోన్ చేయలేదని కుమిలిపోయే తల్లి దిగులుకు అది చాలా దూరపు చుట్టం. మనుషుల్లో ఆధారాలు పరోక్షమైనవి. తరచూ డిప్రెషన్‌కు గురైనవాళ్ల హిప్పోక్యాంపస్ కొంచెం చిన్నదిగా ఉందని 1996లో యెవెట్ షెలీన్ చూపించారు. 2019లో యేల్ విశ్వవిద్యాలయంలో, నాడీకణాల కూడళ్లలో ఉండే ఒక ప్రొటీన్‌ను పెట్ స్కాన్‌లో వెలిగేలా చేసి చూస్తే, డిప్రెషన్ తీవ్రంగా ఉన్నవాళ్లలో ఆ వెలుగు తక్కువగా ఉంది. సెరోటోనిన్ కొరతే డిప్రెషన్ అనే పాత కథ కన్నా, కణాల నడుమ పొత్తులు సన్నబడటం అనే కథకు బలం ఎక్కువ. నేనైతే దీన్నే నమ్ముతాను, పూర్తి కథ ఇది కాదని తెలిసే నమ్ముతాను.

ఈ కథను ముందుకు నెట్టింది ఒక మత్తుమందు. కెటమిన్‌ను 1962లో అమెరికాలో తయారుచేశారు. 1970లో శస్త్రచికిత్సల్లో వాడటానికి అనుమతి వచ్చింది. చిన్నాసుపత్రుల్లో కూడా మత్తు వైద్యులకు బాగా పరిచయమున్న మందు ఇది. శ్వాసను అంతగా అణచదు కనుక ధైర్యంగా వాడతారు. మత్తుకు చాలని తక్కువ మోతాదులో దీన్ని డిప్రెషన్ రోగులకు నరంలోకి ఎక్కించి చూసిన యేల్ వైద్యులు 2000లో తమ ఫలితాలు ప్రచురించారు. ఆరేళ్ల తర్వాత అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో కార్లోస్ జరాటే బృందం, ఏ మందుకూ లొంగని 18 మంది రోగులతో మళ్లీ పరీక్షించింది. రెండు గంటల లోపే తేడా కనిపించింది. మర్నాటికి కెటమిన్ తీసుకున్నవాళ్లలో నూటికి 71 మందికి లక్షణాలు సగానికి పైగా తగ్గాయి. వారం దాటాక ఆ ఉపశమనం మిగిలింది నూటికి 35 మందికే. వారాలు పట్టేది గంటల్లో జరిగింది, మళ్లీ రోజుల్లో జారిపోయింది.

ఎందుకు? యేల్‌లోనే రోనాల్డ్ డ్యూమన్, జార్జ్ అఘజానియన్ బృందం 2010లో ఎలుకల ప్రీఫ్రంటల్ కణాల్ని చూసింది. ఒక్క కెటమిన్ మోతాదు తర్వాత 24 గంటల్లో కొమ్మల మీద ముళ్లు పెరిగాయి. మూడు వారాల ఒత్తిడితో ముళ్లు రాలిపోయిన ఎలుకల్లోనూ ఒక్క మోతాదుతో అవి తిరిగొచ్చాయని మరుసటి ఏడాది చూపించారు. బాగానే ఉంది. కానీ ఇందులో ఒక చిక్కుంది. ఎలుక కోలుకుంది, ముళ్లు మొలిచాయి. ముళ్లు మొలవడం వల్ల కోలుకుందా, కోలుకోవడం వల్ల మొలిచాయా? కప్పలు అరిచినందుకు వాన పడిందా అన్నట్టు.

దీన్ని విప్పిన ప్రయోగం 2019లో వచ్చింది. వైద్య విద్యార్థులను పరీక్షించిన ఆ కోనర్ లిస్టనే ఇప్పుడు కార్నెల్ వైద్య కళాశాలలో సొంత ప్రయోగశాల నడుపుతున్నాడు. బతికున్న చిట్టెలుక నుదుటి భాగంలో చిన్న గాజు పట్టకాన్ని అమర్చి, లేజర్ సూక్ష్మదర్శినితో ఒకే కొమ్మను రోజుల తరబడి చూశారు. ఒత్తిడి హార్మోన్ 21 రోజులు ఇస్తే ముళ్లు రాలిపోయాయి. అవి ఎక్కడపడితే అక్కడ కాదు, గుంపులు గుంపులుగా ఒకే చోట రాలాయి. కెటమిన్ ఇచ్చాక మళ్లీ మొలిచాయి. రాలిపోయిన వాటిలో దాదాపు సగం, అంతకుముందు ఉన్న చోటే మొలిచాయి. ఇది చదివినప్పుడు కాసేపు పేజీ తిప్పలేకపోయాను. మందు కొత్త మెదడును కట్టలేదు, పోయిన పరిచయాల్నే వెతికి తెచ్చింది.

అసలు మలుపు సమయంలో ఉంది. చిట్టెలుక ప్రవర్తన మందు ఇచ్చిన మూడు గంటలకే మెరుగుపడింది. ముళ్లు మాత్రం 12 గంటల తర్వాత గానీ మొలవలేదు. అంటే మొదటి ఉపశమనం ముళ్ల వల్ల వచ్చింది కాదు. అలాగైతే ముళ్లు దేనికి? ఇక్కడ టోక్యోలో హరువో కసాయ్ బృందం తయారుచేసిన ఒక పనిముట్టు వాడారు. ముల్లు లోపలి ఆక్టిన్ పందిరిని నియంత్రించే రాక్1 అనే ప్రొటీన్‌ను, నీలి కాంతి పడితేనే పనిచేసేలా మార్చి, అది కొత్తగా మొలిచిన, కొత్తగా బలపడిన ముళ్లలోకే చేరేలా ఏర్పాటు చేశారు. నీలి దీపం వేస్తే ఆ ముళ్లు మాత్రమే కుంగిపోతాయి, పాతవి చెక్కుచెదరవు. కెటమిన్‌తో మొలిచిన ముళ్లను అలా నీలి వెలుగుతో తుడిచేస్తే, తోక పట్టి వేలాడదీసినప్పుడు తప్పించుకోవడానికి గింజుకునే పట్టుదల మళ్లీ పోయింది. లేవడానికి ముళ్లు అక్కర్లేదు. లేచి నిలబడి ఉండటానికి కావాలి.

మెక్‌ఈవెన్ 2020 జనవరిలో, డ్యూమన్ ఆ తర్వాతి నెలలో కన్నుమూశారు. ఈ ఫలితం ఇద్దరూ ఉండగానే వచ్చింది.

మనుషుల దగ్గరకు వచ్చేసరికి విషయం ఇంత శుభ్రంగా ఉండదు. ఎలుకల్లో రాపమైసిన్ అనే మందు ముందుగా ఇస్తే కెటమిన్ ముళ్లను మొలిపించలేదు, ఎలుక కోలుకోలేదు. అదే పనిని 20 మంది రోగుల మీద యేల్ వైద్యులు ప్రయత్నిస్తే, రాపమైసిన్ కెటమిన్‌ను అడ్డుకోలేదు సరికదా, రెండు వారాల తర్వాత ఉపశమనం నిలిచినవాళ్లు దాన్ని కలిపి తీసుకున్నప్పుడే ఎక్కువగా ఉన్నారు. 2020లో వచ్చిన ఈ ఫలితం చాలామంది అంచనాలకు ఎదురుతిరిగింది. కెటమిన్ కుటుంబంలోని ఎస్‌కెటమిన్‌ను ముక్కులో కొట్టే స్ప్రేగా అమెరికా 2019 మార్చిలో అనుమతించింది. ఒక్కో మోతాదు తర్వాత కనీసం రెండు గంటలు వైద్య సిబ్బంది ఎదురుగా కూర్చోబెడతారు. తల తిరగడం, తన ఒంటి నుంచి తానే విడిపోయినట్టు అనిపించడం, రక్తపోటు పెరగడం ఉంటాయి. దురలవాటయ్యే మందు కూడా. ఇంటర్నెట్‌లో చూసి ఇంట్లో ప్రయత్నించేది ఎంతమాత్రం కాదు.

మరి మా పిన్ని బీరువాలో పెట్టిన ఆ నెమ్మది మాత్రల సంగతి? వాటికీ ఇదే దారి ఉన్నట్టుంది, కాకపోతే కాలిబాట. మెదడులో బీడీఎన్ఎఫ్ అనే ఒక పోషక ప్రొటీన్ ఉంది. కొమ్మలకు, ముళ్లకు ఎరువు లాంటిది. 1982లో పంది మెదడు నుంచి మొదటిసారి వేరుచేశారు. ఈ ఎరువును అందుకునే గ్రాహకానికి ఫ్లూక్సెటిన్ లాంటి మామూలు మందులు, కెటమిన్ కూడా నేరుగా అతుక్కుంటాయని 2021లో హెల్సింకిలో ఈరో కాస్ట్రేన్ బృందం చూపించింది. అతుక్కుని, ఎరువు బాగా పట్టేలా చేస్తాయి. నెమ్మది మందులు మెదడులో చాలినంత మోతాదుకు పేరుకోవడానికే రోజులు పడుతుంది.

అయితే అదే బృందం అంతకుముందు చేసిన రెండు పనులు నాకు ఇంకా ముఖ్యమనిపిస్తాయి. చిన్నప్పుడు ఒక కన్ను మూసి ఉంచడం వల్ల ఆ కంటిచూపు మందగించిన ఎలుకలు పెద్దయ్యాక కోలుకోవు. ఇటలీ శాస్త్రవేత్తలతో కలిసి 2008లో అలాంటి పెద్ద ఎలుకలకు ఫ్లూక్సెటిన్ ఇచ్చి, బాగున్న కన్ను మూసి, బలహీనమైన కంటితోనే చూసేలా చేశారు. చూపు తిరిగొచ్చింది. 2011లో ఇంకొకటి. ఒక శబ్దానికి భయపడటం నేర్చుకున్న చిట్టెలుకలకు ఆ శబ్దం వల్ల ఇక హాని లేదని పదే పదే చూపిస్తే భయం తగ్గుతుంది, కానీ కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది. ఫ్లూక్సెటిన్ ఒక్కటే ఇస్తే భయం పోదు. రెండూ కలిపితే పోయింది, తిరిగి రాలేదు.

రైతులకు దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. వాన పడితే నేలకు పదునొస్తుంది, పంట రాదు. ఎండిన నేలలో విత్తితే గింజలు కాకుల పాలవుతాయి. పదునులో విత్తాలి. మందు పని పదును తేవడం. విత్తేవి వేరే: మాట్లాడే వైద్యం, నడక, నిద్ర, పక్కన కూర్చునే మనిషి. "మనసు గట్టి చేసుకో" అని మా చుట్టాలు చెప్పిన మాటలో తప్పు లేదు, వాళ్ల ప్రేమలో అసలే లేదు. ఎండిన నేలలో వేశారు, అంతే.

నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో ప్రతి 20 మంది పెద్దల్లో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్‌కు గురైనవాళ్లే, వాళ్లలో చికిత్స అందనివాళ్లే ఎక్కువ. టెలీ మానస్ పేరుతో 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడే సౌకర్యం 2022 అక్టోబరు నుంచి ఉంది, ఖర్చు లేదు.

పిన్నికి మరుసటి ఏడాది మళ్లీ మాత్రలు మొదలుపెట్టించాం. ఈసారి వైద్యురాలు మొదటి రోజే చెప్పారు: "మొదటి రెండు వారాలు ఇబ్బందులే కనబడతాయమ్మా, మేలు కనబడదు. లోపల పని జరుగుతూ ఉంటుంది. ఆరు వారాలు చూడకుండా ఏదీ తేల్చొద్దు." కోడలు వంటింటి గోడకున్న క్యాలెండరు మీద ఆరు వారాలకూ గీత గీసింది. రోజూ సాయంత్రం పిన్నిని చెయ్యి పట్టుకుని రామాలయం దాకా నడిపించింది. మొదటి రోజుల్లో ఆవిడ వీధి మలుపులోనే కూర్చుండిపోయేది. ఇద్దరూ అక్కడే అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చేసేవాళ్లు. వారానికోసారి కౌన్సెలర్ దగ్గరకు వెళ్లేవాళ్లు. మూడో వారంలో రాత్రి నిద్ర నాలుగు గంటలైంది. నాలుగో వారంలో మళ్లీ ఏడ్చింది, కానీ ఏడుస్తూ బాబాయి గురించి మాట్లాడింది. అంతకుముందు మాట్లాడేది కాదు.

ఐదో వారం చివర్లో, బుధవారం మధ్యాహ్నం, రెండు ముద్దలు తిని ఆగి కంచం వైపు చూసింది. "పప్పులో ఉప్పు తక్కువైందే" అంది. కోడలు ఉప్పు డబ్బా తేవడానికి వంటింట్లోకి వెళ్లి, అక్కడే నిలబడి నాకు ఫోన్ చేసింది.